ఆ అక్షరాన్ని మార్చింది నేనే

పక్కన ఎవరైనా దగ్గితే నాకు ఇప్పటికీ గుండె దడ. ఇన్నేళ్లుగా మోస్తున్న బరువు అది. మా ఆయనకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

స్వైన్ ఫ్లూ వచ్చిన ఏడాది. అమీర్‌పేటలో అందరూ జావా నేర్చుకుంటుంటే నేను బయోఇన్ఫర్మాటిక్స్ కోర్సు చేసి, పంజాగుట్టలో ఒక చిన్న ల్యాబులో చేరాను. రోగుల గొంతులోంచి తీసిన వైరస్ జన్యువులను యంత్రం చదివి గ్రాఫుగా ఇచ్చేది. దాన్ని ఏ, సి, జి, టి అనే నాలుగు జన్యు అక్షరాల వరుసగా సరిచూసి పంపడం నా పని. ఒకే చోట రెండు గీతలు లేస్తే, యంత్రం తడబడిందనుకుని, ఆ వైరస్‌కు అంతకుముందు నమోదైన వరుసలో ఉన్న అక్షరమే పెట్టేసేవాళ్లం. లేకపోతే ఫైలు వెనక్కి వచ్చేది, దానితోపాటు తిట్లూ వచ్చేవి.

ఒకరోజు పాలిమరేజ్ జన్యువులో అలాంటి చోటు కనిపించింది. వైరస్ తన నకళ్లు తీసుకునేది పాలిమరేజ్‌తోనే. అందులో వచ్చే మార్పులు చాలావరకు వైరస్‌నే కుంటుపరుస్తాయి. కొన్ని మాత్రం మనిషి కణాల్లో నకళ్లు జోరుగా తీయనిస్తాయి. అలాంటిదని కోర్సులో ప్రత్యేకంగా చెప్పిన చోటే అది. 'జి' ఉండాల్సిన చోట 'ఏ' లేచింది, దాని కింద చిన్నగా 'జి'. అలవాటు కొద్దీ 'జి' పెట్టేశాను.

నాలుగు రోజులకు అదే ఆసుపత్రి, అదే వార్డు నుంచి ఇంకో నమూనా. అదే చోట 'ఏ'. ఈసారి 'జి' జాడే లేదు. యంత్రం రెండుసార్లు ఒకే చోట తడబడుతుందా? ఇది చెబితే మొదటిది ఎందుకు దిద్దావంటారు. ఉద్యోగం ఊడుతుంది. మళ్లీ 'జి' పెట్టాను. మొదటిసారి అలవాటుతో చేశాను, రెండోసారి తెలిసే చేశాను.

ఒకే వార్డు నుంచి వెంటవెంటనే రెండు నమూనాలు రావడంతో యంత్రం నడిపే సలీం భాయ్‌కి అనుమానం వచ్చింది. ఆయన కూతురు ఆ వార్డులోనే నర్సు. నా కుర్చీ పక్కన నిలబడి మెల్లగా అడిగాడు.

"గా రెండింట్ల ఏమన్న తేడా ఉన్నదా అమ్మా? జర చూసి చెప్పు. ఉంటే మా షబానాను డ్యూటీకి పోనియ్య."

"ఏం లేదు భాయ్. రెండూ మామూలుగానే ఉన్నాయి" అన్నాను.

"నువ్వు చెప్పినవంటే ఇగ ఫికర్ లేదు" అని వెళ్లిపోయాడు.

పది రోజులకు షబానా అదే వార్డులో రోగిగా పడుకుంది. ఆమె నమూనా నా దగ్గరికి రాకూడదని మొక్కుకున్నాను. ఆమె బతకాలని మొక్కుకోవాలన్న సంగతి ఆ తర్వాతే గుర్తొచ్చింది. ఎలాంటి మనిషిని నేను?

నమూనా వేరే ల్యాబుకు వెళ్లింది. అక్కడ ఏం తేలిందో నాకు తెలియలేదు. షబానా బతికింది. ఊపిరితిత్తులు మాత్రం మునుపటిలా లేవు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. నర్సు పని మానేసింది.

ఆమెను ఆ స్థితికి తెచ్చింది ఆ మార్పేనా? అసలు ఆమెకు సోకింది ఆ వైరసేనా? నేను నిజం రాసి ఉంటే వార్డులో జాగ్రత్తలు పెంచేవారా, లేక ఆ కాగితం కూడా ఎక్కడో మూలన పడి ఉండేదా? తెలియదు. తెలుసుకునే దారి లేకుండా చేసింది నేనే.

ఒకసారి సలీం భాయ్ ఫోనులో, "నా బిడ్డను నేనే డ్యూటీకి తోలిన" అని ఏడ్చాడు. విన్నాను. ఓదార్చాను కూడా. ఆయన తప్పేమీ లేదని అనగలిగాను కానీ తప్పెవరిదో చెప్పలేకపోయాను.

షబానాను ఆ వార్డుకు పంపింది సలీం భాయ్ కాదు, నేను. ఇది రాశాక కూడా భయం పోలేదు. దాచుకోవడం మాత్రం అయిపోయింది.