ముసుగువీరుడి తోలు, నా అరచెయ్యి

మా తమ్ముడంటే నాకు కుళ్ళు. ఈ వయసులో దాచుకుని ఏం లాభం, ఉన్నమాటే చెబుతున్నాను. మా పెద్దలు వలసొచ్చిన ఈ దేశంలో వాడు క్లాంగ్ పట్నంలో ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. నెలకు రెండు ఆదివారాలు కారేసుకుని మా ఊరు బాగన్ దాతుక్‌లో మా ఇంటికి వస్తాడు. ఆ కారు చప్పుడు వినబడితే చాలు, పదమూడేళ్ళ మా అమ్మాయి చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి పరిగెడుతుంది. నేను రోజూ మోటార్‌సైకిల్ మీద ఇంటికొస్తాను. ఒక్కనాడు తలెత్తి చూసిన పాపాన పోలేదు.

వాడు దానికి బొమ్మల పుస్తకాలు తెస్తాడు. వాటిలో ఒక నీలి ముసుగువీరుడు. కూలే వంతెనను భుజం మీద ఆపుతాడు. తుపాకి గుండు తగిలితే గుండే చప్పిడైపోతుంది. ఆ మహానుభావుడికి అంత బలం ఎలా వచ్చింది, అన్ని దెబ్బలు తిన్నా తోలు ఎందుకు చిరగదు అని ఇద్దరూ వసారాలో కూర్చుని గంటల తరబడి వాదించుకుంటారు. బలం వేరు, దెబ్బకు తట్టుకోవడం వేరు అంటాడు మా తమ్ముడు. ఒట్టి బలమే ఉంటే వంతెన ఎత్తగానే ముందు వాడి ఎముకలే విరగాలట. అదేం కాదు, రెండూ ఒకటే, బరువు పని చేసేకొద్దీ తోలు దానంతటదే రాయిలా గట్టిపడుతుంది అంటుంది మా అమ్మాయి. నలభై దాటిన మనిషి, లోకంలో లేనివాడి తోలు గురించి చిన్నపిల్లతో జగడం. సిగ్గుండాలి.

అయితే నా కడుపు మండింది అందుకు కాదు. వాదన తెలుగులోనే జరగాలని వాడో షరతు పెట్టాడు. ఇక్కడ బడిలో, వీధిలో, పనిలో మాకు అందరితో తమిళమే; ఆ తమిళం మాట ఒక్కటి దొర్లినా ఓడిపోయినట్టే. ఇక చూడండి, మాట దొరక్కపోతే చేతులు తిప్పేది, కళ్ళు మూసుకుని వెతుక్కునేది, తమిళాన్ని మాత్రం నోట్లోంచి రానిచ్చేది కాదు ఆ పిల్ల.

దానికి తెలుగు నేర్పాలని నేనెంత తన్నుకున్నానో నాకే తెలుసు. మా అమ్మ మాట మా తరంతోనే ఆగిపోతుందేమోనని నా భయం. ఉయ్యాలలో ఉన్నప్పటి నుంచి తెలుగులోనే పలకరించాను, బతిమాలాను, ఐస్‌క్రీం ఆశపెట్టాను, ఒకసారి తిట్టాను కూడా. నేను చెప్పేదంతా దానికి అర్థమయ్యేది. జవాబు మాత్రం తమిళమే. "సరిప్పా." సరే నాన్నా అని. ఇన్నేళ్ళకూ నాకు దక్కింది ఆ సరిప్పా ఒక్కటే. నేల దున్నింది నేను, పంట కోసుకున్నది వాడు. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అన్నారా.

వాళ్ళిద్దరూ వసారా ఎక్కితే నేను పెరట్లోకి పోయి కొబ్బరికాయలు ఒలిచేవాణ్ణి. తోటలో నా వృత్తే అది. నేలలో పాతిన గునపం మొన మీదకు కాయను రెండు చేతులతో దించి, ఒంటి బరువంతా వేసి పక్కకు వంచితే పైనున్న పీచు డొక్క ఊడొస్తుంది. ఇరవై ఏళ్ళ పైనుంచి ఒలుస్తున్నాను. మా ఆవిడ "పోయి వాళ్ళ దగ్గర కూచోవచ్చు గదా" అనేది. నేనెందుకు కూర్చుంటాను. వాళ్ళ మాటలు సగం వినబడేవి, సగం కాయల చప్పుడులో పోయేవి.

ఒక ఆదివారం వాళ్ళ నవ్వులు మరీ ఎక్కువయ్యాయి. బలం గురించి ఈ ఫ్యాక్టరీ మనిషా చెప్పేది, చూపిస్తానుండు అనుకున్నాను. పెరట్లో ఉన్న గునపాన్ని పీకి, వసారా ఎదురుగా తెచ్చి పాతాను. పాతిన గునపం చుట్టూ రాళ్ళు వేసి, నీళ్ళు పోసి, దిమ్మిస కొట్టి, రెండు రోజులు ఆగాలి. కొత్తగా పనిలో చేరినవాడికి మొదటి రోజు నేను చెప్పే మాటే ఇది. రెండు రోజులు ఎవరు ఆగుతారు. కాలితో నాలుగు తొక్కులు తొక్కి కాయ అందుకున్నాను.

మొదటి కాయ ఊడింది. రెండోదీ ఊడింది. మా అమ్మాయి వాదన ఆపి నా వైపే చూస్తోంది. ఆ చూపు కోసమే కదా ఇదంతా. మూడో కాయ మీద మామూలు కంటే ఎక్కువ బరువు వేశాను. గునపం ఒరిగింది, కాయ జారింది, మొన నా అరచేతిలో దిగింది.

తమ్ముడు పరుగున వచ్చి, చెయ్యి కడిగి, తువ్వాలు చింపి కట్టు కట్టాడు. అది కూడా వాడే. మా అమ్మాయి మాత్రం ఏడవలేదు, దగ్గరకూ రాలేదు. రక్తం వైపు, బాబాయి వైపు మార్చి మార్చి చూసింది. వాడు తల దించుకున్నాడు. అప్పుడది మెల్లగా నా ముందుకొచ్చి నిలబడింది.

"ఏటి నాన్నా ఇలా సేసినావు. నీ సేతికి ఏటీ అవదని బాబాయికి సెప్పినాను. నీ వల్ల ఓడిపోయినాను."

నాకు అర్థం కాలేదు. తమ్ముడే చెప్పాడు. మొదటి రోజు నుంచీ దాని వాదనకు సాక్ష్యం నా అరచెయ్యేనట. మా నాన్న రోజూ ఇనపమొన మీదే పనిచేస్తాడు, ఇన్నేళ్ళలో ఒక్క గాటు పడలేదు, ముసుగువీరుడి తోలూ అలాగే గట్టిపడి ఉంటుంది అనేదట. అన్ని ఆదివారాలూ వాళ్ళు నా గురించే మాట్లాడుకున్నారు. నేను పెరట్లో కూర్చుని కుళ్ళుకున్నాను.

అది నాతో తెలుగులో, అదీ అచ్చం మా అమ్మ యాసలో, అన్ని మాటలు ఒక్కసారిగా అనడం అదే మొదలు. నొప్పి లేదని చెప్పాలనుకున్నాను. పాడు నోరు, పనివాళ్ళతో అలవాటైన మాటే వచ్చింది.

"పరవాయిల్లమ్మా."

కట్టు కట్టిన చేతిని అది తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"తమిళం," అంది. "నువ్వూ ఓడిపోయినావు."