శౌరమ్మ పాస్‌వర్డ్

శౌరమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. నిందగా అనడం లేదు, మనిషి తీరే అంత. విజయవాడలో మా కాలేజీలో పద్దెనిమిదేళ్లుగా అటెండరు. రోజూ ఉయ్యూరు నుంచి బస్సులో వస్తుంది. బస్సు పెనమలూరు దాటేలోగా ఆమె ఇంట్లో ఏం కూరో, మొగుడికి సుగరెంతో, కూతురికి ఇంటర్లో ఎన్ని మార్కులొచ్చాయో పక్క సీటావిడకి అప్పజెప్పేసి ఉంటుంది. అడిగినదానికి చెప్పకపోవడం మా వైపు మర్యాద కాదు మరి. "ఏం కూర వండారండీ?" అంటే "మీకెందుకండీ" అని ఎవరంటారు?

నేను ఆ కాలేజీ ఆఫీసులోనే సీనియర్ క్లర్కుని, రామతులసిని. నాకు నోరెక్కువంటారు. అననీండి.

జూన్‌లో మేనేజ్‌మెంటు కొత్త కబురు చెప్పింది. నోటీసులు చాలావరకు ఫోన్లలోనే వెళ్తున్నాయి కాబట్టి అటెండర్లు ఇక అక్కర్లేదట. అడ్మిషన్ల బల్ల దగ్గర మాత్రం ఒకరికి చోటుంది. కంప్యూటర్ సొంతంగా తెరిచి, ఉత్తరం కొట్టి, ప్రింటు తీయడం వస్తే ఆ చోటు శౌరమ్మకిస్తారు. రాకపోతే ఆగస్టు నుంచి ఇంట్లో కూర్చోమన్నారు. ఇంట్లో కూర్చుంటే ఎవరు పెడతారు? యాభై రెండేళ్లకి చెరకు తోటలో కూలికి వంగాలి. నాకు ఒళ్లు మండిపోయింది. "నువ్వు రా, నేను నేర్పిస్తా" అన్నాను.

మొదటిరోజు ఆమె పేరుతో లాగిన్ తయారుచేయించాను. తెర మీద 'శౌరమ్మ' అని పడగానే చెయ్యి చీరకి తుడుచుకుని ఆ అక్షరాలు ముట్టుకుంది. హాజరు పుస్తకంలో తప్ప ఆ ఆఫీసులో ఆ పేరు ఎక్కడా రాసి లేదు పాపం. పాస్‌వర్డ్ కొట్టమంటే రెండు అక్షరాలు కొట్టి ఆగిపోయింది.

"మేడం, నేను అక్షరం కొడితే చుక్క పడతంది. మిషను పాడైందేమో."

"పాడవలేదు తల్లీ. ఎవరూ చూడకుండా దాస్తోంది."

"అట్టా దాయాల్సిందేముందండీ?" అని నవ్వింది.

మధ్యాహ్నానికి ఆ పాస్‌వర్డ్ క్యాంటీన్ దాకా పాకింది. ఎవరో అడిగారట, చెప్పేసిందట! మూడోరోజు లైబ్రరీలో పనిచేసే యేసుకుమార్ సరదాకి ఆమె లాగిన్‌లో 'రేపు కాలేజీకి సెలవు' అని కొట్టి, ప్రింటు తీసి బోర్డుకి అంటించాడు. మర్నాడు సగం క్లాసులు ఖాళీ. సెక్రటరీ బసవపున్నయ్య గారు ఊగిపోయారు. యేసుకుమార్ చేతులు జోడించి తప్పు ఒప్పుకున్నాడు. అయినా సెక్రటరీ గారు శౌరమ్మ వైపే తిరిగారు.

"సిస్టంలో ఉన్నది నీ పేరమ్మా. రేపు అడ్మిషన్ల కాగితాలు నీ చేతిలో ఎట్టా పెట్టేది? వచ్చే శుక్రవారం నేనే వచ్చి చూస్తా. అదే ఆఖరు."

ఆ వారం ఆమెను నేను పెట్టిన హింస అంతా ఇంతా కాదు. టైపింగ్ త్వరగానే పట్టింది. కుర్చీలోంచి లేచే ముందు విండోస్ మీటా, ఎల్ మీటా కలిపి నొక్కి, పాస్‌వర్డ్ కొడితే తప్ప తెరుచుకోనట్టు తెర మూయడం కూడా వచ్చేసింది. రానిది ఒక్కటే, కాదనడం. కొత్త పాస్‌వర్డ్ పెట్టించి, టీ దగ్గరా, మెట్ల మీదా, అన్నం తింటుండగా "ఏం పాస్‌వర్డ్ పెట్టావే?" అని అడిగేదాన్ని. రెండుసార్లు చెప్పేసింది. రెండుసార్లూ మార్పించాను. మూడోసారి తల వంచుకుని ఊరుకుంది.

"చెప్పకపోతే మీరేమన్నా అనుకుంటారేమోనని గుండె పీకతందండీ" అంది.

"అనుకోనీ! నేనడిగినా చెప్పకు. దేవుడు దిగొచ్చి అడిగినా చెప్పకు."

శుక్రవారం బసవపున్నయ్య గారు వచ్చి ఆమె వెనకాలే నిలబడ్డారు. శౌరమ్మ లాగిన్ అయ్యి, చెప్పిన ఉత్తరం తప్పు లేకుండా కొట్టింది. ప్రింటరు పక్క గదిలో ఉంది. తెర మూసి కాగితం తేవడానికి వెళ్లింది. ఆయన ఆ కుర్చీలో కూర్చుని మీటలు నొక్కి చూశారు. తెరుచుకోలేదు. ఆమె కాగితంతో తిరిగొచ్చింది.

"ఉత్తరంలో తేదీ మార్చాలి. పాస్‌వర్డ్ ఏంటమ్మా?"

పరీక్షకి అడగలేదాయన, ఆ గొంతు నాకు తెలుసు. తొందరలో, మంచినీళ్లు అడిగినట్టే అడిగారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. శౌరమ్మ కాగితం బల్ల మీద పెట్టింది.

"చెప్పనండీ."

"ఎవరితో మాట్లాడుతున్నావ్? నేను సెక్రటరీని!"

"అవును సార్. తమరు చెప్పండి, నేను తెరిచి మార్చి పెడతాను. పాస్‌వర్డ్ మాత్రం చెప్పనండీ." కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి, గొంతు మాత్రం నిలబడింది.

అయిపోయింది, చేజేతులా నేనే దీని కొంప ముంచాను అనుకున్నాను. ఆయన నా వైపు చూశారు, తెర మీది పేరు చూశారు. ఆమె తెరవాలంటే కుర్చీలో కూర్చోవాలి. ఆమె కూర్చోవాలంటే ఆయన లేవాలి.

బసవపున్నయ్య గారు లేచారు.

అలవాటు కొద్దీ శౌరమ్మ రెండడుగులు వెనక్కి వేసి, "తమరు కూర్చోండి సార్" అంది.

"నాకెందుకమ్మా ఆ కుర్చీ? అడ్మిషన్లు చూసేది నువ్వు కదా" అన్నారాయన. తనే కుర్చీ వెనక్కి లాగి పట్టుకున్నారు. శౌరమ్మ కూర్చుంది. తేదీ చెప్పడానికి పక్కనే నిలబడ్డ ఆయన, చుక్కలన్నీ పడేదాకా మొహం అటు తిప్పుకున్నారు.