సారు వేసిన బావి కమిటీ

తాడిపత్రిలో నేను పనిచేసే బడికి మొదటి బస్సు కండక్టరు కబురు తెచ్చాడు. మా చరిత్ర సారు తెల్లవారుజామున పోయారట, సాయంత్రం నమాజు కాగానే మట్టి చేస్తారట. సెలవు మాట నోటితోనే చెప్పి తిరుగు బస్సెక్కాను. అనంతపురం చేరేదాకా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను గానీ ఏం కనబడిందో చెప్పలేను.

అనంతపురం కాలేజీలో ఆయన మాకు అమెరికా చరిత్ర చెప్పేవారు. యుద్ధాలు గబగబా కానిచ్చేసేవారు. ఆ దేశం ఇంగ్లీషువాళ్ల ఏలుబడిలో ఉన్నప్పుడు అక్కడి సభలు చట్టాలెలా చేసేవన్న పాఠం దగ్గర మాత్రం కుర్చీలోంచి లేచేవారు.

"సభలో అరుస్తారు. పని జరిగేది పక్కగదిలో, కమిటీలో. యాడో పల్లెలో రైతు మాకు దారి లేదని అర్జీ పెట్టుకుంటే, నలుగురు కూచోని న్యాయమా కాదా తేల్చి, చట్టం రాసి సభకు పంపుతాండిరి. సామాన్యుడి మాట ఆ దారినే పోయిందప్పా!"

పరీక్షలో అది అర పేజీ కూడా రాదు. ఆయన వారాల తరబడి చెప్పేవారు. మధ్యలో ప్రశ్న అడిగినవాడికి జేబులోంచి చిటికెడు సోంపు దొరికేది. సోంపు కోసమే నేను చాలా అడిగాను.

ఒక ఎండాకాలం ఊళ్లో బావులన్నీ అడుగంటాయి. మా హాస్టలు బావిలో మాత్రం కాస్త ఊట మిగిలింది. వెనకవీధి ఆడవాళ్లు బిందెలతో వచ్చి గేటు దగ్గర నిలబడ్డారు. ఇస్తే మాకు చాలవు, ఇవ్వకపోతే వాళ్ల పిల్లలకు తాగను లేవు. సారును అధ్యక్షుడిగా పిలిచి సభ పెట్టుకున్నాం. నా గదిలో ఉండే బెళుగుప్ప ఊరి అబ్బాయి అందరికన్నా గట్టిగా అరిచాడు.

"ఈ పొద్దు ఇస్తే రేపు మనం యాడికి పోవల్ల? ఇచ్చేది లేదు!"

సారు అతన్నీ నన్నూ కమిటీగా వేశారు. కమిటీకి పెద్ద అతనే. ఇదేం న్యాయం సార్ అన్నాను.

"బిల్లు వద్దన్నోణ్ణి దాని కమిటీలో వేయకూడదనేది అమెరికావాళ్ల పద్ధతి. వాళ్లకు నదులుండాయి, చెల్లుతాది. ఈడ వద్దన్నోడే పోయి చూసి రావల్ల."

వెళ్లాం. ఒక అవ్వ కడవ మూతికి గుడ్డ కట్టి నీళ్లు వడగడుతోంది. గుడ్డ మీద బురదే నిలిచింది. ఆమె మమ్మల్ని ఎగాదిగా చూసి, "ఏమప్పా, నీళ్లడిగితే మీటింగులు పెట్టుకుంటాండారా?" అంది. నా స్నేహితుడు వంగి ఆ గుడ్డను చూశాడు. తిరిగొస్తూ, "మాయమ్మ గూడా ఇట్లే వడగడతాది రా," అన్నాడు, అంతే. తీర్మానం అతనే రాశాడు. పొద్దున బావి హాస్టలుకు, మధ్యాహ్నం నుంచి వీధికి.

వార్డెనుకు ఒళ్లు మండింది. ఇకమీదట హాస్టలులో సభలు రద్దు అని నోటీసు అంటించాడు. మేం పరుగున పోయి సారును పిలుచుకొచ్చాం. సారు నోటీసు నిదానంగా చదివి, మాకు చెరో చిటికెడు సోంపు పెట్టారు.

"అమెరికాలో గవర్నరు గూడా సభను రద్దు చేసినాడు. కమిటీలోళ్లు ఊరూరికీ జాబులు రాసుకుంటా పని నడిపినారు. దీంట్లో కమిటీ మాట యాడుండాది, చూపీండి!"

మరునాడు మధ్యాహ్నం ఆయనే వచ్చి బావి గిలక పక్కన నిలబడ్డారు. వార్డెను వరండాలోంచి చూసి లోపలికి వెళ్లిపోయాడు. ఆ గేటు మళ్లీ మూతపడలేదు. ఇప్పుడు మా బడిలో ఏ తగువొచ్చినా నేను వద్దన్నవాణ్ణే ముందు పంపుతాను. ఆయన్ని తలుచుకుంటే నాకు ఏడుపుకన్నా ధైర్యమే ముందొస్తుంది.

నేను చేరేసరికి నా స్నేహితుడు సారు వాకిట్లో ఉన్నాడు. ఈ ఏడూ ఎండలే. సారుకు చివరి స్నానం చేయించడానికి ఇంట్లో నీళ్లు చాలవని లోపల మగవాళ్లు మెల్లగా మాట్లాడుకుంటున్నారు. అంతలో వెనకవీధి ఆడవాళ్లు వరసగా వచ్చారు, తలమీద బిందెలతో, హాస్టలు బావి నీళ్లతో. ముందున్నది ఆ అవ్వే. నేను బిందె అందుకోబోతే కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"దీనికి మీటింగు వద్దులేప్పా. తీసుకోండి."

నా స్నేహితుడు మొదటి బిందె ఎత్తుకుని లోపలికి నడిచాడు. గడపదాకా తొణికిన నీళ్ల జాడ, ఆ ఎండలో కూడా, చాలాసేపు తడిగానే ఉంది.