మడ్‌గార్డులో లుంగీ ముక్క

మా వీధి చివర కొత్తగా కార్ల షెడ్డు పెట్టారు. పొద్దున చాయ్ తాగుతుంటే అక్కడి నుంచి పుట్టీ ఘాటు వచ్చి ముక్కుకు తగిలింది. గ్లాసు కింద పెట్టేశాను. గల్ఫ్‌లో నేను పనిచేసిన హఫర్ అల్ బాతిన్‌లో మమ్మల్ని పనికి రప్పించుకున్న అరబ్బు యజమాని, మా కఫీల్ ఇంటి వాకిలి, ఇటుకల మీద నిలబెట్టిన పాత అమెరికా కారు, దాని పక్కన గొంతుక్కూర్చున్న గంగన్న, అన్నీ కళ్ల ముందుకు వచ్చాయి.

గల్ఫ్ యుద్ధంలో క్షిపణులు నెత్తి మీదుగా పోతుంటే ఆ కారును నేనొక్కణ్ణే బాగుచేశానని మనవలకు చెబుతుంటాను. మీ దగ్గర దాచడమెందుకు? క్షిపణుల రోజుల్లో నేను మంచం కింద ఉన్నాను. కారు పని మొదలైంది యుద్ధం ముగిశాక. చేసింది గంగన్న. జగిత్యాల వైపు మనిషి. డెంటింగ్‌లో, అంటే కారు రేకు సొట్టలు తీయడంలో, అంతటి పనివాణ్ణి నేను మళ్లీ చూడలేదు. నాది గరుకు కాగితంతో రుద్దే పని.

కఫీల్ పడుచుతనంలో మోజుపడి కొన్న కారు అది. పొడుగాటి ముక్కు, రెండే తలుపులు, ఎనిమిది సిలిండర్ల ఇంజన్. మేకల కొట్టంలో ఏళ్ల తరబడి పడి తుప్పు పట్టింది. "కారు తయారైన రోజే నీకు చుట్టీ" అని అతను గంగన్నకు మాటిచ్చాడు; చుట్టీ అంటే ఊరికి పోయే సెలవు. గంగన్న అక్కడికి వెళ్లాక పుట్టిన కొడుక్కి మూడో ఏడు నడుస్తోంది. తండ్రి వస్తే వేములవాడలో పుట్టువెంట్రుకలు తీయించాలని ఇంటివాళ్లు ఎదురుచూస్తున్నారు. సరి ఏట తీయరు కాబట్టి, మూడో ఏడు దాటితే మళ్లీ ఐదో ఏటిదాకా ఆగాలి.

గంగన్న రేకును చూసేవాడు కాదు, తడిమేవాడు.

"కండ్లు మూస్కోని చెయ్యి పెట్టురా. కండ్లు మెరుపు జూసి మోసపోతయి. గుంత చేతికే దొరుకుతది."

"నాకేం దొరుకుతలేదు గంగన్నా."

"నీకు అన్నం గిన్నె తప్ప ఇంకేం దొరుకుతదిరా!"

ముందు చక్రం వెనక మడ్‌గార్డు తుప్పుకు చిల్లి పడింది. అక్కడ రేకు కోసి కొత్త ముక్క అతకాలి, రెండు రోజుల పని. గంగన్న ఇంటికి ఫోన్ చేయడానికి బజారుకు వెళ్లిన పూట, నా పాత లుంగీ చింపి ఆ చిల్లిలో కుక్కి, పైన పుట్టీ మెత్తి రుద్దేశాను. నున్నగా అద్దంలా వచ్చింది. గంగన్న తిరిగి రాగానే, అతకడం కూడా నాకు వచ్చేసిందని చెప్పాను. గంగన్న దాని మీద చెయ్యి పెట్టాడు, తీశాడు. మర్నాడు రంగు వేశాం.

శుక్రవారం నమాజు తర్వాత కఫీల్ తమ్ముళ్లను పిలిచి, బండి చూపించి, తలుపు ధడాలున వేశాడు. ఎండకు అప్పటికే వదులైన పుట్టీ పెచ్చు పళ్లెమంత ఊడి పడింది. సరే, అరచెయ్యంత. వెనకే నా గళ్ల లుంగీ ముక్క వేలాడింది. తమ్ముళ్లు పగలబడి నవ్వారు. ఎవరు చేశారని కఫీల్ అరబ్బీలో అరిచాడు. నేను బండి వెనక్కి జరిగాను.

"అనా," అన్నాడు గంగన్న. నేనే అని.

బండి మొత్తం మళ్లీ విప్పి చూపించేదాకా చుట్టీ లేదన్నాడు కఫీల్. రెండు నెలలు పట్టింది. ఈలోపు ఊరి నుంచి ఉత్తరంలో ఫోటో వచ్చింది: మేనమామ ఒళ్లో గుండు పిల్లవాడు. గంగన్న దాన్ని మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు. అప్పుడు నోరు పెగిలింది నాకు.

"గంగన్నా, ఆ పని నాది."

"నీ లుంగీ నాకు తెల్వదారా?" ఫోటో మీంచి కళ్లెత్తలేదు. "రంగు ఎయ్యకముందే చేతికి తెలిసింది. ఇప్పితే చుట్టీ ఎనక్కి పోతదని నేనే సప్పుడు జెయ్యలే. తప్పు నాది గాదా మరి?"

ఆ తప్పు నేను ఒప్పుకున్నానని, గంగన్నను నేనే కాపాడానని ఇన్నేళ్లూ చెప్పుకు తిరిగాను. ఇవాళ్టితో ఆ కథ మానేస్తున్నాను. మిగతా కోతలు మానలేను, ఈ వయసులో ఎవరు మానతారు? కానీ ఇంట్లో ఏది పగిలినా, ఎక్కడ నీళ్లు ఒలికినా, ఎవరు చేశారనగానే నా చెయ్యి ముందు లేస్తుంది. సగం సార్లు తప్పు నాది కాదని మా ఆవిడకు తెలుసు. అయినా తిట్టేది నన్నే.