ఉద్యోగి నంబర్ ఒకటి

కోటిలింగంగారు లోకంలో ఒక్క మనిషికే భయపడతారు. ఆ మనిషి ఆయన పనిచేసే దుకాణం యజమాని. ఆ యజమాని కూడా ఆయనే.

విజయవాడ వన్ టౌన్‌లో, కాళేశ్వరరావు మార్కెట్‌కి కాస్త ఇవతల సందులో ఆయనకో మ్యాచింగ్ సెంటరు ఉంది. జాకెట్టు ముక్కలు, లంగాలు, చీరలకి ఫాల్సూ పీకోలూ. దుకాణం సొంతమే, అయినా అందులో ఆయన జీతానికి చేస్తారు. హాజరు పుస్తకంలో మొదటి పేరు ఆయనదే. ఉద్యోగి నంబర్ ఒకటి, కోటిలింగం, నెలకి ఇరవై ఆరు వేలు. రెండో నంబరు కౌంటరు చూసే దుర్గాశంకర్, మూడు పీకో మిషను మీద తెరేసమ్మ, నాలుగు ఫాల్సు కుట్టే పున్నమ్మ.

ఒకే మనిషి రెండు కొలువులు చేస్తే గందరగోళం వస్తుందని ఆయనొక ఏర్పాటు చేసుకున్నారు. కళ్ళద్దాలు పెట్టుకుంటే యజమాని, తీస్తే ఉద్యోగి. యజమానిగా ఉన్నప్పుడు గల్లాపెట్టె ముందు పరుపు మీద కూర్చుంటారు. ఉద్యోగిగా ఉన్నప్పుడు ఎంత కాళ్ళు లాగినా ఆ పరుపు మీద కూర్చోరు, కౌంటరు పక్కన స్టూలే.

ఒక శ్రావణమాసంలో ఆయన భార్య మాణిక్యం చీర పట్టుకుని జాకెట్టు ముక్క కోసం దుకాణానికి వెళ్లింది. ముక్క నచ్చింది, బిల్లు మూడు వందల ఇరవై అయింది. మొగుడి దుకాణమే కదా అని కాస్త తగ్గించమంది. అప్పుడాయన ముక్కు మీద కళ్ళద్దాలు లేవు. తన చేతుల్లో ఏమీ లేదనీ, ఓనరుగారిని అడగాలనీ చెప్పి వెళ్లి పరుపు మీద కూర్చున్నారు. కళ్ళద్దాలు పెట్టుకుని బిల్లు చూశారు, మాణిక్యాన్ని ఎగాదిగా చూశారు, పెదవి విరిచారు. మళ్లీ కళ్ళద్దాలు తీసి కౌంటరు దగ్గరికొచ్చి గొంతు తగ్గించారు.

"ఐదు శాతానికి ఒప్పించానండీ. బయట ఎవరికీ చెప్పకండి."

పాతికేళ్ల కాపురంలో ఆయన తనని అండీ అన్నది ఆ ఒక్కసారే అని మాణిక్యం ఇప్పటికీ చెప్పుకుంటుంది.

మైలవరంలో ఆమె తమ్ముడి పెళ్లప్పుడు ఇంకో చిత్రం జరిగింది. బావగారు రెండు రోజుల సెలవు కోసం అర్జీ పెట్టుకున్నారు. పెళ్లిళ్ల సీజను, దుకాణంలో రద్దీ అని యజమాని ఒక పూటే మంజూరు చేశాడు. ఆయన ముహూర్తానికి వచ్చి, అక్షింతలు వేసి, మొదటి పంక్తిలో భోంచేసి, పెరుగన్నం సగంలో వదిలి బస్సెక్కారు. అంత దయ లేని ఓనరు ఎవడు బావా అని పెళ్లికొడుకు అడిగితే, "చాలా కఠినమైన మనిషి. కానీ ఒకటో తారీఖు జీతం మాత్రం తప్పడు" అన్నారట.

ఈ పిచ్చికి కారణం లేకపోలేదు. ఆయన నాన్నగారికి అదే వీధిలో ఇంతకు నాలుగింతల బట్టల కొట్టు ఉండేది. పాలవాడొచ్చినా గల్లాలోంచే, చుట్టాలొచ్చినా గల్లాలోంచే, తీర్థయాత్రకైనా గల్లాలోంచే. లాభమేదో పెట్టుబడేదో తెలియకుండా పదేళ్లు గడిచాక చివరికి ఇంటికొచ్చింది ఒక్క గల్లాపెట్టె. ఇప్పుడాయన ముందున్నది ఆ పెట్టే. అందుకే, దుకాణం సొమ్ము దుకాణానిది, జీతం ఇంటిది, మధ్యలో కళ్ళద్దాలు. అలా పన్నెండేళ్లు నడిపేసరికి ఆరడుగుల కొట్టు పెరిగి పక్క షట్టరు కూడా కలిసింది. జీతం మాత్రం పెరగలేదు.

"మీ ఓనరు రెండో షట్టరు తీసుకున్నాడట. మనింట్లో బకెట్టు కూడా మారలేదు" అని మాణిక్యం దెప్పేది.

"నువ్వన్నావని చెబుతాను" అనేవారు కోటిలింగంగారు.

జీతం పెరగకపోవడానికి ఆయన పెట్టుకున్న నిబంధనే కారణం. వరసగా మూడు నెలలు ఒక్క లేటు మార్కు కూడా లేనివాళ్లకే ఇంక్రిమెంటు. దుర్గాశంకర్‌కి వచ్చింది. తెరేసమ్మకి రెండుసార్లు వచ్చింది. తొమ్మిదింటికి దుకాణం తీయాలి, తొమ్మిదీ పదికల్లా సంతకం పెట్టాలి. లేటైతే ఎవరైనా సరే యాభై రూపాయలు జరిమానా. ఆ డబ్బు బిస్కెట్ల డబ్బాలో వేస్తారు. దసరాకి డబ్బా తెరిచి, ఉద్యోగులంతా కలిసి ఏం కొనాలో తేల్చుకుంటారు. హాజరు పుస్తకం ఉండే సొరుగు తాళంచెవి మాత్రం ఉద్యోగి నంబర్ ఒకటి మొలతాడుకే ఉంటుంది. ఆయనొచ్చి పుస్తకం తెరిచేలోపు వచ్చినవాళ్లెవరూ లేటు కారు.

మాణిక్యానికి ఆ ఇంక్రిమెంటు మీద ఒక ఆశ ఉంది. వాషింగ్ మిషను. ఇంట్లో నలుగురి బట్టలు పిండి పిండి ఆమె కుడిచేతి మణికట్టు వాచి ఉండేది. ఇంటి ఖర్చులు పోగా జీతంలో ఏమీ మిగలదు కాబట్టి నెలకి రెండు వేలు పెరిగితే వాయిదాల మీద తీసుకోవాలని లెక్క వేసుకుంది. ముందుచూపుతో మిషనుకి కవరు కూడా కుట్టించింది. గవర్నరుపేట షోరూములో రెండు తొట్ల మిషనుని జానలతో కొలిచి, ఆ కొలతలకి తెరేసమ్మ చేత కుట్టించి, అంచులకి పీకో కూడా వేయించింది. మిషను రాలేదు కాబట్టి ఆ కవరు రెండేళ్లుగా గ్రైండరు మీద వదులుగా వేలాడుతోంది.

అలాంటిది, కిందటేడు దసరా దాటాక కోటిలింగంగారు లేటుగా వెళ్లడం మొదలుపెట్టారు. ఒకరోజు కాదు, రెండ్రోజులు కాదు, రోజూ. యజమాని ఊరుకుంటాడా? రోజుకో మెమో ఇచ్చేవాడు. ఉద్యోగి సంజాయిషీ రాసి, యాభై డబ్బాలో వేసి, మెమో నకలు జేబులో పెట్టుకునేవారు. చొక్కా తడిపే ముందు జేబు వెతికితే మాణిక్యానికి అవి దొరికేవి.

"ఉద్యోగి నంబర్ ఒకటికి. ఈరోజు కూడా తొమ్మిదీ నలభైకి వచ్చారు. కారణం తెలపండి." దాని కింద అదే చేతిరాతతో, కాస్త వినయంగా, "చెప్పు తెగింది."

మర్నాడు మార్కెట్ దగ్గర ట్రాఫిక్. ఆ మర్నాడు ఆవు అడ్డం నిలబడింది. తర్వాత మళ్లీ చెప్పు. ఒక్క నవంబరులోనే పదకొండుసార్లు చెప్పు తెగింది. ఆయనకున్నది ఒకే జత, అది గుమ్మం పక్కన చెక్కుచెదరకుండా ఉంది. పోనీ ఆలస్యంగా బయలుదేరుతున్నారా అంటే, ఎనిమిదీ నలభై ఐదు కొట్టేసరికి గుమ్మం దాటతారు. కొత్తపేట నుంచి దుకాణానికి తాబేలు నడక నడిచినా పావుగంట.

"ఏమండీ, మిగతా నలభై నిమిషాలూ ఎక్కడుంటున్నారు?" అని అడిగితే, ఆయన గోడ మీద గడియారం వైపు చూసి, అది ముందుకి నడుస్తోందేమో అన్నారు.

ఏప్రిల్ చివర్లో ఉన్నట్టుండి మెమోలు ఆగిపోయాయి. మే నెలంతా జేబులు ఖాళీ. మాణిక్యం క్యాలెండరులో రోజుకో టిక్కు పెట్టింది. ఇంకో నెలన్నర నెట్టుకొస్తే మూడు నెలలు పూర్తవుతాయి. షోరూముకి వెళ్లి నీలం రంగు మిషను చూసి కూడా వచ్చింది. జూన్ పన్నెండున జేబులో కాగితం చేతికి తగిలింది. చెప్పు తెగింది.

ఆమె ఆ కాగితాన్ని తడి చేత్తోనే ఉండచుట్టి బకెట్టు పక్కన పడేసింది. మర్నాడు ఆయన గుమ్మం దాటగానే చెప్పులేసుకుని వెనకే బయలుదేరింది.

కోటిలింగంగారు నిక్షేపంగా నడిచి, తొమ్మిదికి రెండు నిమిషాలు ఉండగానే సందు మొదట్లోకి వచ్చారు. దుకాణం షట్టరు లేచే ఉంది, దుర్గాశంకర్ లోపల ఊడుస్తున్నాడు. ఆయన అటు వెళ్లలేదు. ఎదురుగా హనుమయ్యగారి బట్టల గోడౌను ఉంది. దాని అరుగు మీద బేళ్ళ చాటున కూర్చుని టీ తెప్పించుకున్నారు. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి ఉన్నాయి. అంటే ఆ సమయానికి ఆయన యజమానీ కారు, ఉద్యోగీ కారు. బేళ్ళ సందులోంచి తల బయటపెట్టి బస్సు దిగేవాళ్ల వైపు చూస్తున్నారు.

తొమ్మిదీ ముప్ఫై ఐదుకి సిటీ బస్సు దిగి, పున్నమ్మ సగం నడకా సగం పరుగుతో వచ్చింది. చెమట తుడుచుకుంటూ దుకాణంలోకి వెళ్లింది. ఆయన లేచారు, గ్లాసు కింద పెట్టారు, వేళ్ల మీద అరవై దాకా లెక్కపెట్టారు. అప్పుడు జుట్టు కొంచెం చెదరగొట్టుకుని, రొప్పుతూ, ఒక చెప్పు చేత్తో పట్టుకుని దుకాణంలోకి పరిగెత్తారు. కళ్ళద్దాలు పెట్టుకుని తనని తాను తిట్టుకోవడం వీధిలోకి వినబడింది.

మాణిక్యాన్ని చూసి హనుమయ్య నాలుక కరుచుకున్నాడు. ఆమె అడగకుండానే చెప్పేశాడు.

"ఆ పున్నమ్మ కూతురు పోయింది చెల్లెమ్మా. మనవరాలు సాయిశ్రీని ఈవిడే పెంచుతోంది. బడి గేటు తొమ్మిదింటికి గానీ తియ్యరు, ఆ పిల్లేమో ఈవిడ చెయ్యి వదలదు. ముందు చేసిన కొట్టులో ఓనరు అందరి ముందూ, పాపం పున్నమ్మ, ఎప్పుడొచ్చినా ఏమీ అనకండి అన్నాడట. ఆ పాపం అన్న మాటకే మానేసి వచ్చేసింది. ఇక్కడ చేరిన మొదటి రెండ్రోజులూ లేటయింది. ఎవరూ అడక్కముందే యాభై తీసి డబ్బాలో వేసింది. మూడోరోజు నుంచి మీ ఆయనకి చెప్పులు తెగడం మొదలైంది."

ఇంటికి తిరిగొస్తూ మాణిక్యం కోపం తెచ్చుకోవాలని దారంతా ప్రయత్నించింది. కోపం రాలేదు. మణికట్టు నొప్పి మాత్రం అలాగే ఉంది. ఆ పూట బకెట్టులో బట్టలు నానబెట్టి, క్యాలెండరు టిక్కులున్న పేజీ చింపేసింది.

మర్నాడు ఆయన చేతికి మధ్యాహ్నం క్యారేజీతో పాటు ఇంకో చిన్న డబ్బా ఇచ్చింది. ఇదేమిటని అడిగారాయన.

"ఇడ్లీలు. పొద్దున్నే ఉత్త టీ తాగి అరుగుల మీద కూర్చుంటే కడుపులో మంట."

కోటిలింగంగారు కళ్ళద్దాలు పెట్టుకున్నారు, తీశారు, మళ్లీ పెట్టుకున్నారు. ఏ హోదాలో జవాబు చెప్పాలో తేలక, డబ్బా తీసుకుని వెళ్లిపోయారు. ఆ తర్వాత ఇంట్లో ఇంక్రిమెంటు మాట ఎత్తలేదు. కాగితాలు మాత్రం వస్తూనే ఉన్నాయి. చెప్పు, ట్రాఫిక్, చెప్పు, ఆవు.

దసరా వచ్చింది. దుకాణంలో మిషన్లకీ కత్తెరలకీ పూజ చేసి, కొబ్బరికాయ కొట్టాక బిస్కెట్ల డబ్బా తెరిచారు. మాణిక్యం ప్రసాదం పట్టుకొచ్చింది. దుర్గాశంకర్ నోట్లు లెక్కపెట్టాడు. పదివేల తొమ్మిది వందల యాభై. మొదటి రెండు యాభైలు తప్ప తక్కినవన్నీ ఉద్యోగి నంబర్ ఒకటివే. అంత క్రమశిక్షణ లేని మనిషిని పనిలో ఉంచుకున్నందుకు యజమాని కళ్ళద్దాలు సర్దుకుంటూ అందరికీ క్షమాపణ చెప్పారు. ఇక మీరు తేల్చుకోండి అన్నారు.

తేల్చుకోవడానికేమీ మిగల్లేదు. ముగ్గురూ ముందే మాట్లాడుకున్నారు. పున్నమ్మ లేచి నిలబడింది.

"వాషింగ్ మిషను కొందామండీ. మాణిక్యమ్మగారికి."

అది కుదరదన్నారు కోటిలింగంగారు. డబ్బా సొమ్ము ఉద్యోగులకే చెందాలనీ, ఓనరు ఇంటికి చేరకూడదనీ నిబంధన ఉందన్నారు.

"ఓనరింటికి ఎవరిస్తున్నారండీ" అంది తెరేసమ్మ. "ఒకటో నంబరు ఇంటికి. కవరు నేనే కుట్టానుగా, కొలతలు నాకు తెలుసు."

నిబంధన ప్రకారం చేతులెత్తించారు. మూడు చేతులు లేచాయి. ఉద్యోగి నంబర్ ఒకటి తటస్థంగా ఉన్నారు. యజమానికి ఓటు లేదు.

అందరూ ప్రసాదం తింటుంటే పున్నమ్మ గల్లాపెట్టె దగ్గరికి వెళ్లింది. తలొంచుకునే అంది.

"సెలవులయ్యాక పాప బడి ఆటోలో వెళ్తుందండీ. పక్కింటి పిల్లలతో కలిపి మాట్లాడాను. ఇకమీదట నేను తొమ్మిదింటికే వచ్చేస్తాను."

మంచిదేనన్నారు కోటిలింగంగారు, ఎటో చూస్తూ.

"మీరు కూడా వచ్చేయొచ్చు బాబుగారూ. ఆ అరుగు మీద దోమలు."

ఆయన కళ్ళద్దాలు తీసి, తుడుచుకునే నెపంతో చాలాసేపు తుడిచారు. అవి శుభ్రంగానే ఉన్నాయి.

బడులు తెరిచిన రోజు తొమ్మిదికి పున్నమ్మ వచ్చేసింది. దుర్గాశంకర్, తెరేసమ్మ కూడా వచ్చారు. తొమ్మిదీ పది అయింది, తొమ్మిదిన్నర అయింది. హనుమయ్య బేళ్ళ వెనక వెతికితే అక్కడా ఎవరూ లేరు. తొమ్మిదీ నలభై ఐదుకి కోటిలింగంగారు చొక్కా చేతులు మోచేతుల దాకా తడిసి, రెండు కాళ్లకీ చెప్పులతో, నిజంగానే రొప్పుతూ వచ్చారు. ఎవరూ ఏమీ అనకముందే మెమో రాసుకున్నారు. కారణం అన్న చోట, ఏడాదిలో మొదటిసారిగా, ఉన్నదున్నట్టు రాశారు.

"ఇంట్లో మిషను తిరుగుతుంటే మా ఆవిడా నేనూ చూస్తూ కూర్చుండిపోయాం."

కళ్ళద్దాలు పెట్టుకుని దాన్ని రెండుసార్లు చదివారు. మనసు కరిగినట్టే కనిపించింది. కింద మాత్రం "కారణం సమంజసం. జరిమానా తప్పదు" అని రాసి, ఖాళీ డబ్బాలో కొత్త యాభై వేశారు.