గడప బయటి కడవ

పెరటి చెట్టు మందుకు పనికిరాదని సామెత. భీమక్క జామచెట్టు పెరట్లో లేదు, వీధి వాకిట్లో ఉంది. అందుకేనేమో ఎమ్మిగనూరు సాలెవీధి మొత్తానికీ అది మందుకు పనికొచ్చింది.

చెట్టు పెద్దదేమీ కాదు. చెయ్యెత్తితే కొమ్మ అందుతుంది. కాయలైతే మరీ అధ్వాన్నం, గింజ ఎక్కువ, గుజ్జు తక్కువ. భీమక్క అత్త ఉచ్చీరమ్మది తుంగభద్ర ఒడ్డున మాధవరం. కాపురానికొచ్చేటప్పుడు తడిగుడ్డలో చుట్టి ఒక మొక్క తెచ్చుకుని ఈ వీధివాకిట్లో నాటింది. ముసలామె పోయాక చెట్టూ వైద్యమూ రెండూ కోడలికి దక్కాయి.

పన్ను నొప్పి అంటే లేతాకు నమలమనేది భీమక్క. నోరు పూసిందంటే ఆకులు మరిగించి ఆ నీళ్లు పుక్కిలించమనేది. మగ్గం గుంటలో కూర్చుని కూర్చుని కాలి మడమ పగిలి చీము పట్టినవాడికి ఆకు ముద్ద నూరి కట్టేది. దొడ్డికి రాక ఏడ్చే పిల్లలకు బాగా మాగిన పండు, కట్టు తప్పిన కడుపుకు పచ్చి పిందె, దగ్గుకు నిప్పుల మీద కాల్చి ఉప్పద్దిన దోరకాయ. ఒక్క చెట్టు ఇన్నిటికి పనికొస్తుందా అని పొరుగూరి చుట్టాలెవరైనా మూతి తిప్పితే వీధంతా కలిసి వాళ్ల మూతి సరిచేసేది. కల్లు తాగొచ్చిన మగాళ్లు కూడా ఇంటికి పోయే ముందు నాలుగాకులు దూసి నములుకునేవాళ్లు. జామాకు వాసన వస్తే మొగుడు తాగినట్టేనని ఆడవాళ్లకు తెలిసిపోయి ఎన్నేళ్లయిందో, ఆ సంగతి మాత్రం మగాళ్లకు తెలియదు.

అన్నిటికన్నా పేరు తెచ్చింది విరేచనాలకు ఇచ్చే కషాయం. దోసెడు ఆకులు, రవ్వంత బెరడు వేసి, చెంబెడు నీళ్లు గ్లాసెడుకు ఇగిరేదాకా కాచేది. దానికొక పథ్యం ఉంది. కషాయం కడుపులో పడ్డాక విరేచనం కట్టుకునేదాకా మంచినీళ్లు ముట్టకూడదు. రోగి ఆశపడి తాగేస్తాడని ఇంట్లోని నీళ్ల కడవనే తెచ్చి గడప బయట పెట్టించేది. "ఆకు కడుపులోకి, కడవ గడప బయటికి" అనేది ఉచ్చీరమ్మ. భీమక్కా అదే మాట, అదే యాసలో అనేది. ఎందుకని అత్తను అడిగే అలవాటు కోడళ్లకు లేని రోజులవి. బయట కడవ కనిపిస్తే ఆ ఇంట్లో భీమక్క మందు నడుస్తోందని వీధికి గుర్తు. ఆ గడప తొక్కి లోపలికెళ్లి ఎవరూ మజ్జిగ కూడా అడిగేవాళ్లు కాదు.

మందుకు ఆమె ఏమీ పుచ్చుకునేది కాదు, అడిగినవాళ్లకు లేదనేదీ కాదు. మొగుడు సిద్దప్ప పోయాక ఇంటికి ఆధారం కొడుకు బసప్ప మగ్గమే. కోడలు జయమ్మ భీమక్కకు పరాయిది కాదు, సొంత తమ్ముడు కాశప్ప కూతురు. కండెలు చుట్టడంలో ఆ వీధిలో ఆమె చెయ్యంత చురుకైన చెయ్యి లేదు. నోరు కూడా అంతే. జామపిందె మీద ఉప్పూకారం అద్దుకుని రాట్నం దగ్గర కూర్చుని నములుతుంటే భీమక్క కసిరేది.

"మందుకని పెట్టుకుంటే మేకమాదిరి మేస్తాండావు గదే!"

"నాకూ రోగమే అత్తా. ఆకలి రోగం" అనేది జయమ్మ నవ్వుతూ.

భీమక్కకు నవ్వొచ్చేది. పైకి మాత్రం నవ్వేది కాదు. రేపు ఈ చెట్టు, ఈ వైద్యం దీనికే అప్పజెప్పాలి, ఇప్పుడే చనువిస్తే ఎట్లా అని ఆమె బెంగ.

ఆదోని తాలూకా బళ్లారి జిల్లా నుంచి విడిపోయి కర్నూలు జిల్లాలో కలిసిన తర్వాత వచ్చిన మొదటి వేసవి అది. జిల్లా మారింది గానీ బావిలో నీళ్లు మారలేదు. అడుగున మిగిలిన బురదనీళ్లను చేదతో గోకి తెచ్చుకుంటున్నారు. అట్లాంటప్పుడు వాంతిభేది దిగింది. సూది వెయ్యడానికి సర్కారు మనిషి వస్తే సగం వీధి తలుపులేసుకుంది. సూది వేస్తే జ్వరమొస్తుంది, జ్వరమొస్తే మగ్గం ఆగుతుంది. మనకు భీమక్క చెట్టు ఉండగా ఈ పొడిపించుకునే బాధ ఎందుకన్నాడు వీధి పెద్ద పెద్దయ్య. ఆ మాట భీమక్క చెవిన పడింది. కాదనలేదు. లోలోపల కాస్త గర్వపడింది కూడా.

తెల్లారేసరికి చెట్టు కింద జనం. భీమక్క ఆకు కోసి ఇచ్చి, పథ్యం చెప్పి పంపేది. కొందరు లేచి తిరిగారు. ఇద్దరు పోయారు. లేచినవాళ్లను ఆకు లేపింది, పోయినవాళ్లకు ఆయుస్సు తీరింది. ఇంత సుఖమైన లెక్క ఏ వైద్యుడికి దొరుకుతుంది! వీధి అట్లాగే అనుకుంది, భీమక్క కూడా అట్లాగే అనుకుంది.

ఒకనాడు పొద్దున జయమ్మ రాట్నం ముందు నుంచి లేచి గోడ పట్టుకుంది. దొడ్లోకి పోయి వచ్చింది, మళ్లీ పోయింది. ఆ తర్వాత పోవడానికి ఓపిక లేకపోయింది. బియ్యం కడిగిన నీళ్లలాగా పోతూనే ఉంది. భీమక్క పరుగున చెట్టు దగ్గరికి పోయింది. చెట్టుకు ఆ ఎండలో మిగిలిన లేతాకంతా దూసింది. మామూలుకన్నా చిక్కగా కాచి తాగించింది. తన చేత్తోనే నీళ్ల కడవ ఎత్తి గడప బయట పెట్టింది.

"అత్తా, రోన్ని నీళ్లియ్యి" అంది జయమ్మ.

"ఇప్పుడు గాదు తల్లీ. రోంత ఓర్సుకో. ఆకు పట్టాల."

"గొంతు మండుతాంది అత్తా."

"తెలుసే నాకు."

తడిగుడ్డతో పెదవులు అద్దింది. ఆ గుడ్డ అంచు జయమ్మ పళ్ల మధ్య పట్టుకుని చీకింది. భీమక్క మెల్లగా లాగేసింది. లాగుతుంటే ప్రాణం ఉసూరుమంది, అయినా లాగేసింది. పథ్యం తప్పితే మందు విషమవుతుందని ఉచ్చీరమ్మ ఆమెకు నేర్పింది.

మధ్యాహ్నానికి జయమ్మ కళ్లు గుంటలు పడ్డాయి. వేలి కొసలు చాకిరేవులో నానినట్టు ముడుచుకుపోయాయి. బసప్ప మగ్గం వదిలి వచ్చి పెళ్లాం పక్కన కూర్చున్నాడు.

"అమ్మా, ఆదోనికి తీస్కపోదాం" అన్నాడు.

ఆ మాట భీమక్కకు దెబ్బలాగే తగిలింది. ఊరందరికీ మందిచ్చే తన ఇంటి నుంచి మనిషిని ఆసుపత్రికి మోసుకుపోవడమా! అయినా జయమ్మ మొహం చూశాక పౌరుషం నిలవలేదు. "పదరా" అంది.

బస్సువాడు రోగిని చూసి ఎక్కించుకోనన్నాడు. ఆదోని మిల్లుకు పత్తి తోలుకుపోతున్న లారీ ఆపి, బసప్ప డ్రైవరు కాళ్లు పట్టుకున్నంత పని చేస్తే అతను పత్తి బోరాల మీద చోటిచ్చాడు. సగం దారిలో లారీ పొగలు కక్కింది. డ్రైవరు దిగి, దారిపక్క చలివేంద్రం నుంచి బక్కెట్టు తెచ్చి ఇంజనులో నీళ్లు పోశాడు. గడగడమని తాగుతున్న ఆ ఇంజను చప్పుడుకు జయమ్మ కళ్లు తెరిచింది.

"ఆయమ్మకు గూడా ఇంత పొయ్యమంటారా?" అన్నాడు డ్రైవరు మిగిలిన నీళ్లు చూపిస్తూ.

"ఒద్దు నాయనా, మందులో ఉండాది" అంది భీమక్క.

జయమ్మ ఆ బక్కెట్టు వైపు చూస్తూ ఉండిపోయింది. లారీ కదిలాక కూడా వెనక దారి వైపే చూసింది.

ఆసుపత్రి వరండా నిండా మంచాలు, చాపలు. డాక్టరు జయమ్మ చెయ్యి పట్టుకుని నరం కోసం వెతికాడు. మోచెయ్యి దగ్గర వెతికాడు, మణికట్టు దగ్గర వెతికాడు, కాలు పట్టుకున్నాడు. సూది గుచ్చినచోటల్లా చర్మం పిండిముద్దలాగా నొక్కుకుపోయింది తప్ప నరం తగల్లేదు.

"దావలో ఏమాత్రం నీళ్లు తాపినారమ్మా?" అని అడిగాడు కాంపౌండరు.

"ఒక్క సుక్క తాపలే సారూ. శానా నిష్ఠగా సూసుకున్యాను" అంది భీమక్క. తను చేసిన ఒక్క మంచి పనైనా వాళ్లకు తెలియాలన్నట్టు గట్టిగా చెప్పింది.

కాంపౌండరు డాక్టరు వైపు చూశాడు. డాక్టరు తలెత్తలేదు, ఇంకో కాలు పట్టుకున్నాడు.

పక్క మంచం మీద మాధవరం మనిషొకడు చేతికి గొట్టం పెట్టించుకుని, పైన వేలాడే సీసా వైపు చూస్తూ పడుకుని ఉన్నాడు. పొద్దున పీనుగలాగా వచ్చాడట. ఇప్పుడు కూతురుతో మాట్లాడుతున్నాడు. భీమక్క ఆ సీసానే చూసింది. తెల్లగా, తేటగా ఉంది. ఆకు రంగు లేదు, వేరు రంగు లేదు.

"ఏం మందు నాయనా అది?" అని కాంపౌండరును అడిగింది.

"మందు గాదు పెద్దమ్మా, నీళ్లు. ఉప్పేసిన నీళ్లు. ఒంట్లో నీళ్లన్నీ పోతే మనిషి నిలుస్తాడా? నోటితో తాగి నిలుపుకోలేనోళ్లకు నరానికి ఎక్కిస్తాం."

భీమక్కకు మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. అర్థమయ్యాక ఆమెకు ఆ వరండాలో నిలబడ్డానికి చోటు దొరకలేదు. పొద్దు వాలకముందే జయమ్మ ప్రాణం పోయింది. సూది ఇంకా నరం కోసం వెతుకుతూనే ఉంది.

శవాన్ని ఏ బండివాడూ ఎక్కించుకోడు. ఆదోనిలోనే మట్టి చేశారు. మర్నాడు తిరుగు బస్సులో బసప్ప కిటికీ పక్కన కూర్చున్నాడు.

"నువ్వు సెయ్యగలిగిందంతా సేసినావు లేమ్మా" అన్నాడు ఎమ్మిగనూరు వస్తుండగా.

తిట్టినా బాగుండేది. చెప్పెయ్యాలని భీమక్క నోరు తెరిచింది. కొడుకు మొహం చూసి, వీడికి ఇది చెప్పి నేను బతకగలనా, విని వీడు బతకగలడా అని మూసుకుంది. కానీ వీధికి చెప్పాలి. కనీసం అది చెయ్యాలి. బస్సు దిగిందే తడవు పరుగులాంటి నడకతో సాలెవీధికి వచ్చింది.

వీధి మొగదలలోనే ఆగిపోయింది. పెద్దయ్య ఇంటి ముందు కడవ. దాని పక్కింటి ముందు కడవ. ఎదురు వరసలో దేవక్క గడప బయట కడవ. తాము ఆదోనికి పోయేనాటికి లేని ఇళ్ల ముందు కూడా కడవలున్నాయి. అన్నిటి మీదా మూతలు పెట్టి ఉన్నాయి.

భీమక్క దేవక్క ఇంటి ముందున్న కడవ ఎత్తి చంకన పెట్టుకుని లోపలికి పోయింది. దేవక్క కూతురు, ఏడేళ్లది, చాప మీద ముడుచుకుని ఉంది.

"నీళ్లు తాపు దేవక్కా. ఉప్పేసి, కాంచి తాపు. తాగినంత తాపు. నేను సెప్పింది తప్పు. ఆ పథ్యమే తప్పు. నా జయమ్మను నేనే ఎండగొట్టి సంపుకున్నాను!" అని ఏడ్చింది.

దేవక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. భీమక్క చేతుల్లోంచి కడవ మెల్లగా తీసుకుంది.

"కడుపు మంటలో ఏందేందో అంటాండావక్కా. కూర్సో. నీ ఆకు నా ఇంట్లో ఎందరిని లేపలేదు? నువ్వు ఇయ్యాల తప్పంటే తప్పయితాదా?"

చప్పుడు విని పెద్దయ్య గుమ్మం దాకా వచ్చాడు. "ఆకు పట్టేలోగా ఆదోనికి ఎత్తుకపోయినారు. అదీ కొంప ముంచింది. ఇంగో పూట నీ మందునే నమ్మింటే జయమ్మ బతికేది" అన్నాడు నొచ్చుకుంటూ. చుట్టూ చేరినవాళ్లు అవునవునన్నారు.

"ఆకులో ఏం లేదప్పా! నీళ్లలో ఉండాది!" అని అరిచింది భీమక్క. కన్నవాళ్లను తిట్టినా అంత బాధపడరు, చెట్టును అనేసరికి అందరి మొహాలూ ముడుచుకున్నాయి. పాపం, పిచ్చి పట్టింది అని ఎవరో గొణిగారు. ఇంకో ఇంట్లోకి పోయింది, ఇంకో కడవ లోపల పెట్టింది. ఆమె వెనకే ఎవరో ఆ కడవను తెచ్చి మళ్లీ బయట పెట్టారు. ఎవరూ ఆమెను పరుషంగా ఒక్క మాట అనలేదు. చెయ్యి పట్టుకుని, ఊరడించి, ఆమె ఇంటి వైపే నడిపించారు.

నడుస్తుంటే దేవక్క ఇంట్లోంచి పిల్ల గొంతు సన్నగా వినిపించింది.

"అమ్మా, నీళ్లు..."

"ఒద్దు నా తల్లి. భీమక్క ఒద్దనింది గదా. ఆకు కడుపులోకి, కడవ గడప బయటికి" అంటోంది దేవక్క. జోలపాడినట్టు అంటోంది, అచ్చం భీమక్క యాసలోనే.

భీమక్క తన ఇంటి ముందు చతికిలబడింది. నెత్తిమీద చెట్టుకు ఒక్క ఆకు మిగల్లేదు, ఎవరో బెరడు కూడా ఒలుచుకుపోయారు. గడప పక్కన తను నిన్న పొద్దున ఎత్తి పెట్టిన కడవ పెట్టినచోటే ఉంది. మూత తీసి చూసింది. జయమ్మ అడిగిన నీళ్లు అందులో నిండుగా ఉన్నాయి.