నర్సన్న మామ పందుల సంగ్రహాలయం

మహారాష్ట్రలోని ఇస్లాపూర్‌లో మా మేనమామ నర్సన్న సోయాబీన్ వేస్తాడు, అడవిపందులు పంట కోసుకుంటాయి. ఏళ్ల తరబడి ఇదే ఏర్పాటు. వాటిని బెదరగొట్టడానికి మంచె మీద డబ్బా కొట్టీ, కేకలేసీ ఆయన గొంతే అలా అయిపోయింది. పక్కన కూర్చున్న అత్తను కూడా పక్క ఊళ్లో ఉన్నట్టే పిలుస్తాడు.

పోయిన ఏడు నాందేడ్ నుంచి ఒక సంస్థ వాళ్లు వచ్చి, "సంగ్రహాలయ్ కడతాం, ఎవరైనా జాగా ఇవ్వండి" అన్నారు. మరాఠీలో ఆ మాటకు మ్యూజియం అని అర్థం; వీళ్లు కట్టేది పాతకాలపు పల్లె సామాన్లకు. మామకు తెలిసింది మాత్రం ప్రాణిసంగ్రహాలయ్, అంటే జూ. ఊరంతా నేల చూపులు చూస్తుంటే ఆయన లేచి, చేను పక్క జాగా ఇచ్చేశాడు. సంస్థ తరఫున వచ్చిన నవ్య, నాందేడ్ రైల్వే క్వార్టర్స్‌లో పెరిగిన తెలుగు పిల్ల, కళ్లనీళ్లు పెట్టుకుంది.

మామ ఒక్క మీటింగూ మానలేదు. పర్యావరణం కోసం సిమెంటు వాడం, మట్టిగోడలే అని నవ్య చెప్పింది.

"మట్టిగోడ ఆగది బిడ్డా, ముట్టెతోని కుమ్ముతయి" అన్నాడు మామ.

ఎవరొచ్చినా ప్రతిదీ చేత్తో ముట్టుకుని చూడొచ్చు అంది. మామ హడలిపోయాడు.

"చెయ్యి కొరికితె ఎట్ల?"

"ఇసుర్రాయి కొరుకుతదా కాకా?" అని నవ్య పడీ పడీ నవ్వింది. పెద్దాయన భలే చమత్కారి అనుకుంది.

చివరికి ఒకరోజు మామ అడిగాడు. "ఇంతకు పందులను ఎప్పుడు పడ్తరు?"

"ఏ పందులు కాకా?"

సంగతి తెలిసి మామ అక్కడే చతికిలబడ్డాడు. "పందులను పట్టనిది గదేం సంగ్రహాలయ్? గందుకే గదా జాగ ఇచ్చిన!"

నవ్యకు ప్రాణం ఉసూరుమంది. ఆలోచించి ఒక ఉపాయం చెప్పింది. మ్యూజియం తరఫున పెట్టే ఆరుబయట వినోదాల్లో మొదటిది 'మంచె మీద కావలి'. పట్నం వాళ్లు వచ్చి మామ చేనుకు కాపలా ఉంటారు, మామ ఇంట్లో పడుకోవచ్చు. ఆ మాట విని ఆయన ఎంత పొంగిపోయాడంటే, ఆ పూట అత్తతో మెల్లగా మాట్లాడాడు.

కాయ గట్టిపడే రోజుల్లో పట్నం వాళ్లు బృందాలుగా వచ్చారు. పందులూ వచ్చాయి. వన్యప్రాణులు బెదురుతాయని ఎవరూ డబ్బా ముట్టలేదు, కిక్కురుమనలేదు. పిల్లల్ని వెంటేసుకుని తల్లిపంది వస్తే ఒకావిడ మురిసిపోయి ఏడ్చిందట. ఫోటోలు చాలా బాగా వచ్చాయి. మామ మాత్రం హాయిగా నిద్రపోయాడు.

పంట కాలం అయ్యాక, మ్యూజియంలో పెట్టడానికి ఇంటికొక వస్తువు తెమ్మన్నారు. ఎవరో రోకలి తెచ్చారు, ఎవరో చాట తెచ్చారు. మామ ఒక గిన్నె తెచ్చి నవ్య ముందు పెట్టాడు. అడుగున గుప్పెడు సోయా గింజలున్నాయి.

"ఈ ఏడు మా పంట" అన్నాడు. "ముట్టుకోర్రి. కాని పైలం బిడ్డా, మల్ల ఇత్తనాలకు గవ్వే ఉన్నయి."